చప్పుడు లేని చంద్రుడు

నృపేశ్ సామంతకు నచ్చే సినిమా ఇంతవరకూ ఎవరూ తీయలేదు. ఇకముందు తీస్తారన్న ఆశ కూడా ఆ వీధిలో ఎవరికీ లేదు. ఉత్తర కలకత్తాలో ట్రాము రోడ్డు మీంచి సందులోకి తిరిగితే ఆయన కళ్ళజోళ్ళ దుకాణం కనిపిస్తుంది. జనం చూపు సరిచేయడం ఆయనకు బతుకుదెరువు, సినిమావాళ్ళ బుద్ధి సరిచేయడం వ్యసనం. మొదటిదానికి డబ్బులొస్తాయి. రెండోది మాత్రం ఎవరూ అడగకపోయినా ఉచితంగానే చేసిపెడతాడు.

దుకాణం పక్కన టీ కొట్టు, దాని ముందు రెండు బల్లలు. సాయంత్రమైతే వీధి పెద్దమనుషులంతా మట్టి ముంతల్లో టీ పట్టుకుని అక్కడే కూర్చుంటారు. వాళ్ళు టికెట్ కొని చూసొచ్చిన ప్రతి సినిమానూ నృపేశ్‌దా, అంటే వాళ్ళ నృపేశ్ అన్నయ్య, అక్కడే ఉతికి ఆరేస్తాడు. పాపం, డబ్బు పెట్టి చూసింది వాళ్ళు, తిట్లు తినేదీ వాళ్ళే.

ఈ కథ జరిగిన ఏడాది ఒక హిందీ సినిమా వచ్చింది. హీరోయిన్ చంద్రుడి మీద నిలబడి పాట పాడింది. గాలే లేని చోట ఆమె పైట అంత ఎత్తున ఎలా ఎగిరిందని నృపేశ్‌దా వారం పాటు అందరినీ నిలదీశాడు, ఆ పైట వాళ్ళే ఎగరేసినట్టు. తర్వాత ఇంగ్లిషుది ఒకటి. వెయ్యి కాంతి సంవత్సరాలు దారి తప్పకుండా వచ్చిన గ్రహాంతరవాసులకు హీరో దాక్కున్న స్నానాల గది మాత్రం దొరకలేదట. ఇక బెంగాలీవాళ్ళు తీసిన కాలయంత్రం సినిమా సంగతి చెప్పనే అక్కర్లేదు. నూరేళ్ళు వెనక్కి వెళ్ళిన కథానాయకుడికి అక్కడ కూడా మేనమామే కనిపించాడు, అదీ అదే మీసంతో. మూడింటిలోనూ అంతరిక్షంలో ఓడలు పేలాయి, మూడింటిలోనూ ఢాం అని చప్పుడొచ్చింది. ఆయనకు అసలు ఒళ్ళు మండేది ఆ ఢాం దగ్గరే. గాలి లేని చోట చప్పుడెక్కడిదిరా గాడిదల్లారా అని ఆయన అరిస్తే, ఆ అరుపు మాత్రం ట్రాము రోడ్డు దాకా వినిపించేది.

బొమ్మల కథల పుస్తకాలంటే ఇంకా పట్టింపు. ఇప్పుడొచ్చే వాటిలో కాగితం నునుపు, రంగులు ధగధగ, ప్రతి గ్రహాంతరవాసికీ వ్యాయామశాలలో పెంచిన కండలు, బుర్రలో మాత్రం గింజంత సరుకుండదని ఆయన ఫిర్యాదు. మరి చిన్నప్పుడు చదివినవో? ముట్టుకుంటే పొడి రాలే ఆ పుస్తకాల్ని ఇనప్పెట్టెలో కలరా ఉండలు వేసి దాచాడు. వాటిలో ఒక ప్రొఫెసరు గారు కట్టుకున్న ధోవతితోనే శనిగ్రహం మీద దిగి, ఆవనూనె కలిపిన మరమరాలు తింటూ అక్కడి రాజుతో బెంగాలీలో మాట్లాడతాడు. అక్కడ గాలెక్కడిదని నృపేశ్‌దా ఏనాడూ అడగలేదు. మనం అడిగితే మాత్రం, అది వేరే విషయం అంటాడు. ఎవరి పాత పుస్తకాలు వాళ్ళకు వేరే విషయమే మరి!

ఒకసారి పుస్తకాల సంతలో ఓ దర్శకుడు ఈయన చేతికి చిక్కాడు. ఢాం గురించి అడిగితే అతను నవ్వుతూ, కథ కదండీ, కథలో కాస్త ఒప్పుకోవాలి అన్నాడు. అంతే, నలుగురిలో అతని పరువు తీసేదాకా ఈయన వదల్లేదు. ఇంటికొచ్చాక ఆ ముచ్చట భార్య సురమకు మళ్ళీ మళ్ళీ చెప్పాడు. సురమ చేపకు పసుపు రాస్తూ విన్నది. ఆమె ఎప్పుడూ వింటుంది. బదులు మాత్రం చెప్పదు, దాన్ని ఆయన ఆమోదం అనుకుంటాడు.

ఇలాంటి మనిషి చేతికి దుర్గాపూజ పందిరి అప్పగించాలనే ఆలోచన క్లబ్బు కార్యదర్శి బాదల్ నందికి వచ్చింది. బాదల్‌కు బహుమతి పిచ్చి. అక్కడ ప్రతి వీధికీ ఆ పిచ్చి ఉంటుందనుకోండి, పందిరికి ఏదో ఒక వింత రూపం కట్టి న్యాయనిర్ణేతల కోసం ఎదురుచూడటం వాళ్ళకు పూజకంటే ముఖ్యం. కిందటేడు వీళ్ళు పందిరంతా బిస్కట్లతో కట్టారు, చీమలు తప్ప ఎవరూ మెచ్చుకోలేదు. ఈసారి చంద్రమండలం కడదామన్నారు. సైన్సు తెలిసినవాడు కావాలంటే నృపేశ్‌దా కాక ఇంకెవరున్నారు?

నృపేశ్‌దా ఆ రాత్రి సరిగా నిద్రపోలేదు. జన్మలో ఒక్కసారైనా, ఒక్క తప్పూ లేకుండా కట్టి, ఇదిగో ఇలా ఉండాలిరా అని లోకానికి చూపించాలి. ఆయన కోరిక అంతే. ఆ కోరికలో ఎగతాళి లేదు, పసివాడి ఆశ లాంటిది ఉంది. అందుకే మనకూ ఆయన మీద కాస్త జాలి వేస్తుంది, కాసేపే.

ముందు మిణుకుమిణుకు దీపాలు పీకించాడు, గాలి లేని చోట చుక్కలు మిణుకుమనవు కాబట్టి. రంగు తోరణాలు ఎగరకుండా గమ్ పూయించాడు. ఆ తర్వాత అసలు ఆజ్ఞ వచ్చింది. చంద్రుడి మీద శబ్దం ఉండదు, కనుక పందిట్లో శబ్దం ఉండకూడదు. శంఖం వద్దు. ఆడవాళ్ళు నోటితో చేసే మంగళధ్వని వద్దు. పురోహితుడు మంత్రాలు మనసులో చదువుకోవాలి. ఢాక్ వద్దు.

ఢాక్ వద్దంటే మాటలా? ఆ పెద్ద డోలు మోగకపోతే అమ్మవారు వచ్చిందని ఆ ఊళ్ళో ఎవరికి తెలుస్తుంది? ఆ వీధి పూజకు బాంకుడా జిల్లా నుంచి గోకుల్ రుయిదాస్ వచ్చి వాయించేవాడు. అతని తండ్రి కూడా అక్కడే వాయించాడు. కమిటీలో ముసలాళ్ళు గొణిగారు. కానీ బాదల్ కళ్ళముందు పేపర్లో పడే మాట కదలాడింది: నిశ్శబ్ద దుర్గ. ఇంకేముంది, ఒప్పేసుకున్నారు.

షష్ఠి పొద్దున గోకుల్ ఎప్పటిలాగే డోలు భుజాన వేసుకుని, దానికి కట్టిన తెల్లటి ఈకల కుచ్చు దువ్వుకుంటూ వచ్చాడు. అతనికి కబురు పెట్టాలని ఎవరికీ తోచలేదు. నృపేశ్‌దా కుర్చీ వేసి కూర్చోబెట్టి, టీ తెప్పించి, శూన్యంలో ధ్వనితరంగాలు ఎందుకు ప్రయాణించవో ఎంతో ఓపిగ్గా వివరించాడు. గోకుల్ అంతా విన్నాడు. అమ్మ దగ్గర కూడా వినపడదా బాబూ అని ఒక్క మాట అడిగాడు. తర్వాత డోలు ఎత్తుకుని శియాల్దా స్టేషను దారి పట్టాడు. ఏ పూజా కుదరని డోలువాళ్ళంతా అక్కడే నిలబడి వాయిస్తూ, ఎవరైనా పిలుస్తారేమోనని చూస్తుంటారు.

అష్టమి మధ్యాహ్నం న్యాయనిర్ణేతలు వచ్చారు. పందిరి నిజంగానే అద్భుతంగా ఉంది, ఆ మాట ఒప్పుకోవాలి. బూడిదరంగు నేల, కదలని చుక్కలు, మధ్యలో అమ్మవారు, అడుగుల చప్పుడు కూడా మింగేసే మందపాటి గోనెపట్టాలు. అందరూ నోరు తెరిచి చూశారు. నృపేశ్‌దా ఛాతీ ఉప్పొంగింది. అప్పుడు వాళ్ళలో చిన్నావిడ, కళ్ళజోడు పెట్టుకున్న పిల్ల, అమ్మవారి ముందు ఆగింది.

“అంతా కరెక్టుగా ఉంది దాదా. కానీ గాలి లేదు కదా, మరి ఈ దీపం ఎలా వెలుగుతోంది? ధూపం పొగ పైకెలా పోతోంది?”

టీ కొట్టు మిత్రులంతా నృపేశ్‌దా వైపు తిరిగారు. ఎన్నేళ్ళ నుంచో వాళ్ళను దులిపిన మనిషి మీద ఇప్పుడు దుమ్ము పడుతుంటే చూడటానికి వాళ్ళకెంత బాగుందో చెప్పలేను. ఆయన నోట్లోంచి వచ్చిన మాట ఆయనకే వినబుద్ధి కాలేదు.

“అదీ... కథ కదమ్మా. కథలో కాస్త ఒప్పుకోవాలి.”

ఆ పిల్ల నవ్వి, ఏదో రాసుకుని వెళ్ళిపోయింది. మిగతావాళ్ళు కరచాలనాలు చేశారు. బహుమతి మనదేనని బాదల్ గంతులేశాడు, చప్పుడు కాకుండా. ఆడవాళ్ళ వరసలో నిలబడ్డ సురమ అప్పుడు నోరు విప్పింది.

“దీపానికి ఒప్పుకున్నావు కదా, డోలుకెందుకు ఒప్పుకోలేదు?”

ఆ సాయంత్రమే సంధిపూజ, అష్టమి నవమి కలిసే ఘడియ, ఏడాదికి ఒక్కసారి వచ్చే ఘడియ. అప్పుడు డోలు మోగకపోతే ఈ వీధి తనను క్షమించదని, సురమ అసలే క్షమించదని నృపేశ్‌దాకు అప్పుడు తట్టింది. చెప్పులు సరిగా తొడుక్కోకుండానే శియాల్దా పరిగెత్తాడు. స్టేషను ముందు డోలువాళ్ళు ఎవరూ లేరు, ఎప్పుడో కుదిరిపోయారు. అక్కడి టీ వాడిని అడిగితే, బాంకుడా గోకుల్‌ను కాలువ అవతలి బస్తీవాళ్ళు తీసుకెళ్ళారని చెప్పాడు.

కాలువ అవతల పందిరి చూస్తే మామూలు రోజుల్లో ఆయనకు జ్వరం వచ్చేది. తగరపు రేకుల రాకెట్టు, దాని కింద ఎర్ర బల్బుల మంట, మహిషాసురుడికి మరమనిషి తొడుగు, చుక్కలన్నీ పెళ్ళివారి దీపాల్లా మిణుకుమిణుకు. లోపల దాచిన యంత్రంలోంచి నిమిషానికోసారి ఢాం అని ఉరుము. వాటన్నిటి మధ్య గోకుల్ కళ్ళు మూసుకుని వాయిస్తున్నాడు.

పిలుద్దామని వచ్చిన మనిషి పిలవలేకపోయాడు. సంధిపూజ మొదలైంది, దీపాలు వెలిగించారు, ఆడవాళ్ళు మంగళధ్వని చేశారు. ఆ డోలు చప్పుడు నృపేశ్‌దా ఎముకల్లోకి దిగింది. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు, మళ్ళీ తుడుచుకున్నాడు. తన వీధిలో జనం ఇదే ఘడియలో మూగవాళ్ళలా నిలబడి ఉంటారు. తనే అలా నిలబెట్టాడు. ఛీ, ఏం పని చేశాను అనుకున్నాడు.

పూజ ముగిశాక ఆ క్లబ్బు కార్యదర్శి ఖోకొన్ ఆయన్ను గుర్తుపట్టాడు. ఆటో నడుపుకునే మనిషి, కళ్ళజోడు ఈయన దగ్గరే కొన్నాడు. చేతులు నలుపుకుంటూ దగ్గరికొచ్చి, మా రాకెట్టు ఎలా ఉంది దాదా అని భయంభయంగా అడిగాడు.

“బాగుంది” అన్నాడు నృపేశ్‌దా. “చాలా బాగుంది. ముఖ్యంగా ఆ చప్పుడు.”

ఖోకొన్ మొహం వాడిపోయింది.

“మేం చదువుకున్నవాళ్ళం కాదు దాదా. పండగ పూట కూడా వెక్కిరించాలా?”

వెక్కిరింపు కాదని నృపేశ్‌దా ఒట్టేశాడు. చుట్టూ ఉన్నవాళ్ళు మొహమొహాలు చూసుకున్నారు. ఒకడు లోపలికెళ్ళి ఆ ఉరుము యంత్రాన్ని ఆపేశాడు. వద్దు, ఆపొద్దని ఈయన చేతులూపుతుంటే అది కూడా నటనే అనుకుని ఇద్దరు నవ్వారు. ఇక గత్యంతరం లేక ఆయన గోకుల్ వైపు తిరిగాడు. గోకుల్ చెమట తుడుచుకుంటూ డోలుకు గుడ్డ చుడుతున్నాడు.

“నువ్వైనా చెప్పవయ్యా గోకుల్. నేను మనస్ఫూర్తిగానే అంటున్నాను, బాగుందని.”

గోకుల్ గుడ్డకు ముడి బిగించి ఆయన మొహంలోకి చూశాడు. అతని చూపులో కోపం లేదు.

“మీ వాకిట్లో ఇన్నేళ్ళు వాయించాను బాబూ. మీరు ఒకదాన్ని బాగుందనడం నేనెప్పుడూ వినలేదు. మీరు నిజంగా అంటే ఎలా ఉంటుందో నాకు మాత్రం ఏం తెలుసు?”