ఆమేన్ అనేదాకా ఎవరూ కదలొద్దు!

పోయిన శుక్రవారం నా ప్రసంగం వింటూ వింటూ ఒక కానిస్టేబుల్ దబ్బున కింద పడిపోయాడు. అది చూసి నేను సంతోషపడ్డాను! నవ్వకండప్పా, టీ పొలమారుతుంది. మొదటి నుంచీ చెప్తా వినండి, ఆ తర్వాత తిట్టుకుందురు.

నా సంగతి మీకు తెలిసిందే. వడమాలపేట దాటాక రోడ్డు పక్కన రేకుల మందిరం, ఇరవై ఏళ్ళుగా పాస్టరు పని. దాంతోపాటు పోలీసు క్వార్టర్సులో తిరగడం ఒకటి అలవాటైంది. అదేం ఉద్యోగం కాదు. ఎవరింట్లో జ్వరమున్నా, మొగుడూపెళ్ళాల గొడవ ఉన్నా వెళ్ళి కాసేపు కూర్చుంటాను. మీది ఏ మతం అని నేనడగను, వాళ్ళూ అడగరు. కానీ పోలీసోళ్ళు అంత సులభంగా నోరు విప్పరు. "అంతా బాగుండాది అయ్యా" అంటారు. కళ్ళు చూస్తే రెండు రోజులుగా నిద్ర లేనట్టుంటాయి. తిరుపతి చుట్టుపక్కల బందోబస్తు లేని రోజేది చెప్పండి? ఎవరో ఒక వీఐపీ కొండకు వస్తూనే ఉంటారు.

అందుకే ఆర్ఐ గారి వెంటపడ్డాను. ఆర్ఐ అంటే అక్కడ పరేడ్ చూసుకునే ఆఫీసరు. "సార్, శుక్రవారం పరేడ్ అయ్యాక నాకు పది నిమిషాలివ్వండి. మతం మాట ఎత్తను. ధైర్యంగా ఉండడానికి నాలుగు మాటలు చెప్తాను" అని బతిమాలాను. మూడు నెలలు తిప్పించుకుని చివరికి ఒప్పుకున్నాడు.

"సరే పాస్టరయ్యా, ఈ ఒక్క శుక్రవారం సూస్తా. బాగుంటే వారం వారం రండి. బాగలేదనుకో, మళ్ళా ఈ గేటు కాడికి రావద్దు. పదంటే పదే నిమిషాలు!"

ఆ పొద్దున ఇస్త్రీ చొక్కా వేసుకుని బయల్దేరుతుంటే మా ఆవిడ సుగుణ గుమ్మంలో ఆపింది.

"పది నిమిషాలంటే ఎంతో మీకు తెల్సునా?"

"ఆ మాత్రం తెలీదా నాకు?"

"తెలిస్తే నేనెందుకు సెప్తా? మీరు గొంతు సవరించుకునేదానికే సాలదు అది. మన జనం ఎట్ల లేసి పోతా ఉంటారో ప్రతి ఆదివారం సూస్తానే ఉండారు కదా!"

అన్యాయం కదూ! కానీ నిజం. పుత్తూరు బస్సు హారన్ వినబడిందంటే మా మందిరంలో వెనక రెండు వరుసలు ఖాళీ. అందుకని ప్రసంగం మొదలుపెట్టే ముందే గట్టిగా చెప్పడం నాకు అలవాటు: "నేను ఆమేన్ అనేదాకా ఎవరూ కదలొద్దు!" ఇరవై ఏళ్ళుగా చెప్తున్నాను. ఇరవై ఏళ్ళుగా వాళ్ళు కదులుతూనే ఉన్నారు.

సరే, గ్రౌండుకు చేరాను. నలభై మంది దాకా వరుసల్లో నిలబడి ఉన్నారు. ముందు వరుసలో మా సంఘస్థుడు హెడ్ కానిస్టేబుల్ జయరాజ్. ఆదివారం మూడో బెంచీలో కూర్చుని చక్కగా నిద్రపోయేది ఇతనే. నాకోసం ఒక మూల షామియానా వేసి, మైకు పెట్టారు. ఎంత మర్యాద! ఆర్ఐ గారు నన్ను పరిచయం చేసి, "అయ్యగారు ఏం సెప్తే అది సెయ్యండి. సావధాన్!" అన్నాడు. నలభై జతల బూట్లు ఒక్కసారిగా నేలను తాకాయి. నా గుండె ఝల్లుమంది. అంతలో ఆయన ఫోన్ మోగింది. ఎవరో వీఐపీ అనుకున్నదానికంటే ముందే దిగాడట. "మీరు కానీండి" అని చెప్పి జీపెక్కి వెళ్ళిపోయాడు. 'సావధాన్' అన్నవాడు 'విశ్రామ్' అనలేదు. ఆ రెండోది అనకపోతే ఏమవుతుందో నాకేం తెలుసు!

మైకు పట్టుకున్నాను. అలవాటు ఎక్కడికి పోతుంది? "నేను ఆమేన్ అనేదాకా ఎవరూ కదలొద్దు!" అన్నాను.

కదల్లేదు.

ఆ రోజు నా అంశం ఓర్పు. మొదలుపెట్టిన రెండు నిమిషాలకే తేడా తెలిసిపోయింది. ఒక్కడూ ఆవలించలేదు. ఒక్కడూ ఫోన్ చూడలేదు. పక్కవాడి చెవిలో గొణిగినవాడు లేడు. నలభై జతల కళ్ళు సూటిగా ముందుకే! పది నిమిషాలు అయ్యాయి. వాచీ చూశాను, అబద్ధమెందుకు? సుగుణ మాట కూడా గుర్తొచ్చింది. కానీ మీరే చెప్పండి, ఇరవై ఏళ్ళలో ఒక్కసారి కూడా దొరకని సంఘం దొరికితే ఎవరైనా వదులుతారా? రెండో అంశంలోకి వెళ్ళాను. అక్కడి నుంచి మూడో అంశం. ఇంట్లో ఎప్పుడో రాసి, ఎవరూ వినక పక్కన పెట్టిన ఉపమానాలన్నీ బయటికి తీశాను.

జయరాజ్ బుగ్గల మీద నీళ్ళు కారుతున్నాయి. 'నిద్రపోయే జయరాజ్‌నే ఏడిపించాను!' అనుకున్నాను. మధ్యమధ్యలో అతను కనుబొమలెత్తి కళ్ళు పైకి తిప్పుతున్నాడు. పరలోకాన్ని తలుచుకుంటున్నాడనుకుని నేనూ పైకి చెయ్యెత్తి చూపించాను. పాపం, అతను చూపించింది సూర్యుణ్ణి. ఆ బుగ్గల మీదిది చెమట! నేనేమో షామియానా కింద నిలబడి, ఎండలో ఉన్నవాళ్ళకు ఓర్పు గురించి చెప్తున్నాను.

అట్లా నలభై నిమిషాలు. చివరికి కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టాను. దబ్బున చప్పుడైంది. ఒక కన్ను తెరిచి చూస్తే మూడో వరుసలో ఒకతను నేల మీద ఉన్నాడు. ఒళ్ళు పులకరించిందప్పా! "చూశారా! ఒక హృదయం కరిగింది!" అన్నాను మైకులో. చిత్రమేంటంటే పక్కవాళ్ళు అతన్ని పట్టుకోలేదు సరికదా, తల కూడా తిప్పలేదు. ఎంత ఏకాగ్రత!

అప్పుడు జయరాజ్ పెదాలు కదపకుండా, పళ్ళ మధ్య నుంచి అన్నాడు. "అయ్యగారూ, హృదయం కాదు, మనిషే కరిగిపోతా ఉండాడు. సావధాన్‌లో ఉండాం మేము. మీరు ఆమేన్ అంటే గానీ కదిలేదానికి లేదు. ఆర్ఐ సారు ఆర్డరు. ఒక్క ఆమేన్ సెప్పండయ్యా, మీకు దండం పెడతా!"

మందిరంలో ఎవరూ లెక్కచేయని మాటను నలభై మంది ప్రాణం మీదికి తెచ్చుకుని పాటించారు. "ఆమేన్!" అని అరిచాను. మిగతావాళ్ళంతా ఉన్నచోటే కూలబడ్డారు. ఆ ఆమేన్‌కు వచ్చినంత స్పందన నా ప్రసంగాల్లో దేనికీ రాలేదు.

పడిపోయినతన్ని నేనూ జయరాజ్ వేపచెట్టు నీడకు మోసుకెళ్ళాం. పేరు మునిరత్నం. నీళ్ళు చల్లి, నా ప్రసంగం కాగితాలతో గాలి విసిరాను. మొత్తానికి ఆ రోజు అవి ఎవరికో పనికొచ్చాయి. కళ్ళు తెరవగానే చేతులు జోడించాను. "తప్పు నాదప్పా. నా వాగుడు వల్లే నీకిట్లా అయింది."

"మీ వల్ల కాదు లేయ్యా. మూడు దినాలుగా నిద్ర లేదు, తిండి లేదు."

జయరాజ్ నీళ్ళు తెస్తానని వెళ్ళాడు. మునిరత్నం మెల్లిగా మొదలుపెట్టాడు. భార్య బిడ్డను తీసుకుని కార్వేటినగరంలోని పుట్టింటికి వెళ్ళిపోయిందట. బిడ్డ పుట్టినరోజుకు కూడా ఇతను బందోబస్తులోనే ఉన్నాడు. "మీకు ఇల్లెందుకు, ఆ లాఠీతోనే కాపురం సెయ్యండి అనిందయ్యా. యాడ సెప్పుకునేది? సెలవు అడగాలంటే భయం. పెళ్ళాం పొయ్యిందని తెలిస్తే స్టేషనంతా నవ్వుతారు."

నాకు వెంటనే మూడు అంశాలు తట్టాయి. దేవుడి దయ వల్ల గొంతు పూర్తిగా పోయింది! నలభై నిమిషాల దెబ్బకు ఊఁ అనడానికి తప్ప దేనికీ పనికిరాలేదు. గంటసేపు ఊఁ కొట్టాను. అతను చెప్పాడు, ఏడ్చాడు, ముక్కు తుడుచుకున్నాడు, మళ్ళీ చెప్పాడు. నాకూ కళ్ళలో నీళ్ళు తిరిగాయి, ఈసారి చెమట కాదు. చివర్లో నా చెయ్యి పట్టుకుని, "భలే ధైర్యం సెప్పినారయ్యా" అన్నాడు. నేను చెప్పిందేమీ లేదు!

ఆర్ఐ గారు తిరిగొచ్చేసరికి సంగతంతా ఆయన చెవిన పడింది. ఇక నాకు ఆ గేటు మూసుకున్నట్టే అని తల దించుకుని నిలబడ్డాను. ఆయన నన్ను చూశాడు, మునిరత్నాన్ని చూశాడు. మునిరత్నం సెలవు సంగతి తనే నోరు తెరిచి అడిగాడు. నాలుగు రోజులు దొరికింది. తర్వాత ఆర్ఐ గారు నా వైపు తిరిగాడు.

"పాస్టరయ్యా, వారం వారం రండి."

"నిజంగానా సార్!" అందామనుకున్నాను, గొంతు రాలేదు.

"మైకు మాత్రం ఇయ్యను. ఆ యాపసెట్టు కింద రెండు కుర్చీలు ఏపిస్తా. ఒకటి మీకు, ఇంగోటి మాట్లాడేవాళ్ళకు. మీరు మాట్లాడేదానికి లేదు!"

ఇరవై ఏళ్ళు ప్రసంగాలు చేసినవాడికి ఇదీ దక్కిన ఉద్యోగం, నోరు మూసుకుని కూర్చోవడం. ఇంటికొచ్చి చెప్తే సుగుణ నమ్మలేదు. "నేను ఇన్నేండ్లుగా అడగతా ఉండేది అదే కదయ్యా!" అంది.

శనివారం సాయంత్రం మునిరత్నం ఫోన్ చేశాడు. "అయ్యా, కార్వేటినగరంలో ఉండా. పాప నా ఒళ్ళోనే ఉండాది. ఆమె ఇంగా మాట్లాడలేదు గానీ, అన్నం పెట్టింది." నాకెంత హాయిగా అనిపించిందో చెప్పలేను.

ఆ హుషారులో ఆదివారం మందిరంలో నిలబడి గొంతు సవరించుకున్నాను. తిరిగొచ్చిన గొంతు, పాత అలవాటు! "నేను ఆమేన్ అనేదాకా ఎవరూ..." అని మొదలుపెట్టానో లేదో, మూడో బెంచీలో జయరాజ్ లేచాడు. ఒక సంచీ విప్పి, బెంచీకో నీళ్ళ బాటిల్, ఒక ఓఆర్ఎస్ ప్యాకెట్ పంచుకుంటూ వెళ్ళాడు.

పన్నెండు నిమిషాల్లో ముగించాను. ఇరవై ఏళ్ళలో మొదటిసారి పుత్తూరు బస్సు కంటే ముందు ఆమేన్ వచ్చింది. అది కూడా అన్నది నేను కాదు, సుగుణ!