నీలం డ్రమ్ము ముడి

చినుకు పడగానే జనం ఇళ్ళలోకి పరిగెడతారు. కండక్టరమ్మ మాత్రం బయటికి పరిగెడుతుంది. నెత్తిన ఓ ప్లాస్టిక్ సంచి బోర్లించుకుని, డాబా మీంచి దిగే గొట్టం దగ్గర నిలబడి, కింది మూత ఊడబీకి, మొదటి వాన నీళ్ళన్నీ వీధిలోకి వదిలేస్తుంది. మరి డాబా మీద పావురాల రెట్టలూ దుమ్మూ కడుక్కుపోవద్దూ! నీళ్ళు తేటపడ్డాక మూత బిగించి గొట్టాన్ని డ్రమ్ముల వైపు తిప్పుతుంది. అప్పటికి మనిషి తడిసి ముద్దయి ఉంటుంది.

పై వాటాలో ఉండే మరిదికి ఇదంతా కాలక్షేపం. వరండాలోంచి తొంగిచూసి, "వదినా, వానకి టికెట్ కొట్టావా?" అని అరుస్తాడు.

"కొట్టాను నాయనా, నీ నోటికి లగేజీ చార్జీ కూడా వేశాను" అని ఈవిడ కింది నుంచి అరుస్తుంది. కిక్కిరిసిన బస్సులో ముందు తలుపు నుంచి వెనక తలుపు దాకా వినిపించే గొంతది. వీధికి ఒక లెక్కా?

డ్రమ్ములు రెండు. నల్లది పెద్దది. అందులో నీళ్ళు బీరపాదుకీ, నిమ్మ మొక్కకీ, ఇల్లు తుడవడానికీ. నీలంది చిన్నది. దాని మూతికి పల్చటి గుడ్డతో వాసెన కట్టి, పైన గట్టి మూత పెడుతుంది. అందులో నీళ్ళు ఒక్క అత్తగారి స్నానానికే.

ఎందుకంటే ఆ ఇంటి బోరు నీళ్ళు ఉత్త ఉప్పు. బకెట్లకి తెల్లటి పొర కడతాయి, సబ్బుకి చచ్చినా నురగ రాదు. ముసలావిడ ఒంటికి ఆ నీళ్ళు పడవు. పోసుకుంటే చాలు, చేతుల నిండా దద్దుర్లు లేస్తాయి, గోకి గోకి రక్తాలు కారతాయి. పూతలు పూశారు, మాత్రలు మింగించారు, ఏమీ తగ్గలేదు. ఒకసారి కండక్టరమ్మ ఏదో తోచి, బకెట్లో పట్టిన వాన నీళ్ళు కాచి పోసింది. ఆ వేళ ముసలావిడ ఒళ్ళు గోక్కోకుండా హాయిగా కునుకు తీసింది. మర్నాడే కోడలు నీలం డ్రమ్ము కొనుక్కొచ్చింది.

దాని కుళాయికి తాడు చుట్టి ఒక ముడి వేస్తుంది. కండక్టర్లు చిల్లర సంచి మూతికి వేసే ముడి అది. ఎటు లాగినా బిగుసుకుంటుందే గానీ వదలదు. ఒక కొసని లోపలికి తోస్తేనే విడుతుంది. ఆ కిటుకు తెలియక ఆవిడ మొగుడు ఒకనాడు గడ్డం గీసుకోడానికి నీళ్ళు కావాలని తాడు కోసేశాడు. ఆ పూట ఆయన తిన్న చివాట్లు ఇప్పటికీ ఆయనకి అరగలేదు. కిటుకు అత్తగారికి మాత్రం నేర్పింది. తను డ్యూటీలో ఉన్నప్పుడు పెద్దావిడ స్నానానికి ఇబ్బంది పడకూడదు కదా.

ఆ ఏడు వాన మొహం చాటేసింది. నల్ల డ్రమ్ము అడుగంటింది. బీరపాదు కళ్ళముందే వడలిపోయింది. అయినా కండక్టరమ్మ నీలం డ్రమ్ము జోలికి పోలేదు. బట్టలు జాడించిన నీళ్ళే నిమ్మ మొక్కకి పోసి దాని ప్రాణం నిలబెట్టింది. అత్తగారు పొదుపుగా వాడుకుంటే మళ్ళీ వాన పడేదాకా గట్టెక్కిపోతామనుకుంది. అత్తగారు పొదుపరే. ఈమధ్య మాత్రం ఆవిడ ఉక్కపోతలో కూడా శాలువా కప్పుకుని కూర్చుంటోంది. అడిగితే, "చలిగా ఉందే, వయసు మీదపడలా?" అనేది.

ఓ మధ్యాహ్నం డ్యూటీ దిగి వచ్చేసరికి గేటు ముందు మరిది కొత్త కారు తళతళలాడుతోంది. చుట్టూ నేలంతా తడి. కారు మీద ఒక్క తెల్ల మరక లేదు. బోరు నీళ్ళతో కడిగితే మరకలు పడకుండా ఎలా ఉంటాయి? ఆవిడ భుజాన సంచి భుజానే ఉండగా పెరట్లోకి పరిగెత్తి నీలం డ్రమ్ముని తట్టింది. ఖాళీ డబ్బాలా మోగింది.

"ఓరి నీ కారు తగలెయ్య!" అన్న కేకకి డాబా మీది పావురాలు లేచిపోయాయి.

మరిది గుడ్డతో చేతులు తుడుచుకుంటూ మెట్లు దిగాడు. "ఏంటి వదినా ఆ అరుపులు? నీళ్ళేగా! డాబాలో సగం నాది కాదా?"

"సగమా? ఎప్పుడైనా చీపురు పట్టుకుని ఆ సగం ఊడ్చావా? వానలో నేను తడుస్తుంటే పైనుంచి ఇకిలించావే గానీ, వచ్చి ఒక్క మూత తిప్పావా? అవి నీళ్ళు కావయ్యా, మీ అమ్మ ఒళ్ళు! అమ్మ ఒంటికి పోయాల్సినవి కారుకి పోస్తావా? సిగ్గూ ఎగ్గూ ఉండక్కర్లా? పైగా ముడి కోసి మరీ దొంగతనమా?"

"దొంగతనమేంటి? నేనేం కొయ్యలేదు."

కండక్టరమ్మ కుళాయి వైపు చూసింది. నిజమే. తాడు ఎక్కడా తెగలేదు. నీటుగా చుట్టి కుళాయికే తగిలించి ఉంది.

"నేనే విప్పానే" అంది వెనక గుమ్మంలోంచి అత్తగారు.

కండక్టరమ్మ గుమ్మం వైపు తిరిగింది. "ఇవాళ ఒక్కరోజేనా?" అని అడిగింది.

"వాడికి కారు కడిగే తీరిక దొరికినప్పుడల్లా. నువ్వు డ్యూటీలో ఉన్నప్పుడు." ముసలావిడ తల దించుకుంది. "పై వాటాకి పోయాక వాడు కిందికి దిగి నా పక్కన కూర్చున్నదెప్పుడే? ఆమధ్య వచ్చి, అమ్మా, కాసిని నీళ్ళివ్వవే అన్నాడు. కడుపున పుట్టినవాడు నోరు తెరిచి అడిగితే లేదని ఎలా అంటాను?"

"మరి మీ స్నానం?"

అత్తగారు శాలువా ఇంకాస్త బిగించుకుంది.

అప్పుడర్థమైంది కండక్టరమ్మకి, ఆ చలేమిటో. ఒళ్ళు భగ్గుమంది. ఎవరిమీద మండిపడాలో తెలియక ఇంకా మండింది. అడక్కుండానే కాచి పోసిన నీళ్ళకి లేని విలువ, అమ్మా అన్న ఆ ఒక్క మాటకి ఉందన్నమాట! గబగబా వెళ్ళి శాలువా పక్కకి లాగి, ముసలావిడ చేతులు రెండూ పట్టుకుని మరిది మొహం ముందు పెట్టింది. మణికట్టు నుంచి మోచేతి దాకా ఎర్రటి చారలు, పొక్కు కట్టిన గీతలు.

"చూడు. కళ్ళు తెరిచి చూడు. కారు మీద మరకలు పడకూడదు నీకు. ఇవి పడొచ్చు. అంతేనా?"

మరిది చూశాడు. చేతిలోని గుడ్డ నలుపుతూ నిలబడిపోయాడు. "నాకు తెలీదు వదినా" అన్నాడు చివరికి, చిన్న గొంతుతో.

"తెలుసుకోడానికి ఎన్ని మెట్లు దిగాలయ్యా నువ్వు?"

అత్తగారు మెల్లగా చేతులు విడిపించుకుంది. శాలువా లాక్కుని మళ్ళీ కప్పుకుంది. "వాడికెందుకే ఇవన్నీ చూపిస్తావు? బెంబేలు పడతాడు" అని కోడలిని కసిరి, కొడుకు వైపు తిరిగి, "కారు భలే మెరుస్తోందిరా నాన్నా" అంది.

కండక్టరమ్మ వెనక్కి వెళ్ళి, చుక్క నీళ్ళు లేని ఆ డ్రమ్ము ముందు గొంతుక్కూర్చుని, తాడు తీసుకుని కుళాయికి ముడి వేసింది. ఈసారి అత్తగారికి నేర్పని ముడి వేసింది.