అప్‌గ్రేడ్ మధ్యలో వెళ్ళిపోయిన అక్క

మా టీమ్ లీడ్ అక్క చనిపోయింది. ఈ మాట రాయడానికే చెయ్యి రావడం లేదు. ఆ శనివారం మధ్యాహ్నం అక్క నంబర్ నుంచి ఫోన్ వస్తే, అక్కే అనుకుని ఎత్తాను.

"అక్కా, నేను తిన్న. మొదలుపెడ్దామా?" అన్నాను.

అవతల వాళ్ళాయన. "అక్క లేదమ్మా" అన్నాడు.

"బయల్దేరిందా బావా?" అని అడిగాను.

 "లేదమ్మా... అక్క ఇగ లేదు" అన్నాడు. భోజనానికి కూర్చుని తల తిరుగుతుందని అన్నదట. దవాఖానకు తీసుకుపోయేలోగా ప్రాణం పోయిందట. గంట కింద నా పక్కన నిలబడ్డ మనిషి. ఎండలో పోతున్నావు, స్కార్ఫ్ కట్టుకో అక్కా అంటే, "గీ పక్కకే గదనే" అని నవ్వి వెళ్ళిన మనిషి.

మాది మడికొండ ఐటీ పార్కులో చిన్న కంపెనీ. హన్మకొండలోని ఒక పెద్ద దవాఖాన కంప్యూటర్లు మేమే చూసుకుంటాం. అక్కడి పేషెంట్ల రిపోర్టులు, స్కానింగులు అన్నింటికీ రోజూ కాపీలు తీసే బ్యాకప్ సర్వర్ మా దగ్గరే ఉంటుంది. ఏ కాపీ ఎప్పుడు తీసిందీ, ఎక్కడ పెట్టిందీ అంతా దాని డేటాబేస్‌కే తెలుసు. ఆ డేటాబేస్ పాడైతే కాపీలన్నీ భద్రంగానే ఉంటాయి గానీ, ఏది ఎక్కడుందో ఎవరికీ తెలియదు. ఆ సర్వర్ మీద మేము ఓఎస్ అనే ఆపరేటింగ్ సిస్టమ్, డేటాబేస్ రెండూ బాగా పాతబడ్డాయి. అక్క దాన్ని "ముసలామె" అనేది. "ముసలామె ఇయ్యాల జర నీరసంగున్నది, ఎక్కువ పని చెప్పకున్రి" అనేది.

అప్‌గ్రేడ్ సంగతి వచ్చినప్పుడు మా మేనేజర్ సార్ రెండూ ఒకేసారి కానిచ్చేద్దామన్నారు. అక్క ఒప్పుకోలేదు.

"ముందు ఓఎస్ మారుద్దాం సార్. కొత్త ఓఎస్ మీద పాత డేటాబేస్ నడుస్తాందా లేదా చూద్దాం. మంచిగ నడిస్తేనే డేటాబేస్ ముట్టుకుందాం."

"మధ్యలో ఆగుడెందుకమ్మా? టైం వేస్టు గదా."

"నడిమిట్ల ఎవలకన్న ఏమన్న అయితే ఆగెటందుకు ఒక జాగ ఉండాలె గద సార్."

కరెంటు పోవడమో, ఎవరి ఇంట్లోనైనా పిల్లలకు జ్వరం రావడమో ఆమె మనసులో ఉండి ఉంటుంది. అంతకు మించి ఏముంటుంది? నలభై దాటి ఎంతో కాలం కాలేదు. మెట్లన్నీ ఎక్కి వచ్చేది, లిఫ్ట్ ముఖం చూసేది కాదు.

పనిలో ఆమెకు కొన్ని పట్టింపులుండేవి. ఖాళీ కడుపుతో ఎవర్నీ కీబోర్డు ముట్టుకోనిచ్చేది కాదు. "ఆకలైతాంటె తొందర పుడ్తది. తొందరల వేలు తప్పుతది" అనేది. సర్వర్ రీస్టార్ట్ అవుతున్నంతసేపూ కూర్చునేది కాదు. చేతులు కట్టుకుని, లాగిన్ స్క్రీన్ వచ్చేదాకా అట్లా నిలబడే ఉండేది. నేను కొత్తగా చేరినప్పుడు బ్యాకప్ అయిపోయిందని సంబరంగా చెబితే, "తీసుడు ఎవలైనా తీస్తరు. ఒక్క ఫైలు వాపస్ తెచ్చి, తెరిచి నాకు చూపియ్యి" అన్నది. ఇప్పటికీ నేను తెరిచి చూడనిదే నమ్మను.

ఆ శనివారం పొద్దున కూడా అట్లాగే నిలబడింది. కొత్త ఓఎస్ మీద సర్వర్ లేచింది. పాత డేటాబేస్ నడిచింది. ఒక ఫైలు వాపస్ తెప్పించి, తెరిచి చూసి, "ముసలామె లేచింది. పోయి తినొస్త, నువ్వు కూడ తిను. వచ్చినంక డేటాబేస్ పట్టుకుందాం" అన్నది.

బావ ఫోన్ పెట్టేశాక సార్‌కు నేనే చెప్పాను. ఆయన నోట ముందు వచ్చిన మాట, "సర్వర్ ఎట్లుంది?" అని. అడిగి, ఆ అడిగినందుకే నొచ్చుకున్నారు.

"ఓఎస్ అయింది సార్. పాత డేటాబేస్ మీద అన్నీ నడుస్తానయ్."

"అయితే వదిలేసి పోమ్మా. నేను కూడ వస్తాన."

రెండూ ఒకేసారి మొదలుపెట్టి ఉంటే, ఆ పూట నేను కుర్చీలోంచి లేచే వీలుండేది కాదు. లేస్తే దవాఖాన రికార్డులకు ఆ రోజు కాపీ ఉండేది కాదు. నేను తలుపు తాళం వేసి అక్క దగ్గరికి పోగలిగానంటే, అది అక్క పుణ్యమే.

వాళ్ళింటి హాల్లో అక్కను చాప మీద పడుకోబెట్టారు. కాలి బొటనవేళ్ళు కలిపి కట్టారు. పొద్దుటినుంచి నా పక్కన కదలకుండా నిలబడ్డ కాళ్ళు. నాకు ఏడుపు రాలేదు. ఎవరో వచ్చి ఇది కాదని చెబుతారన్నట్టు గుమ్మం వైపే చూస్తూ కూర్చున్నాను.

దినాలన్నీ అయిపోయాక సార్, నేను కలిసి డేటాబేస్ పని పూర్తి చేశాం. ఏ ఇబ్బందీ రాలేదు. వాపస్ తెచ్చిన ఫైలు తెరుచుకోగానే పక్కకు తిరిగి, "అక్కా, వచ్చింది" అన్నాను. సార్ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ ఉండిపోయారు.

ఆ తర్వాత ఒక రోజు బావ, అక్క సామాను కోసం ఆఫీసుకు వచ్చాడు. టిఫిన్ డబ్బా, దువ్వెన, పిల్లల ఫొటో ఒక సంచిలో పెట్టి ఇచ్చాను. సర్వర్ రూం చలికి అక్క వేసుకునే బూడిదరంగు స్వెటర్ తలుపు వెనుక కొక్కేనికి ఉంది. అది కూడా తెచ్చి ఇచ్చాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇది నాదేనమ్మా. ఇంట్ల ఎంత దేవులాడిన్నో" అన్నాడు.

కింద దాకా వెళ్ళాను. మే నెల ఎండ, గేటు ముందు తారు మెత్తబడి ఉంది. సంచిని స్కూటర్ ముందు పెట్టుకున్నాడు. స్వెటర్ ఎక్కడ పెట్టాలో తోచక కాసేపు చేతిలోనే పట్టుకుని నిలబడ్డాడు. తర్వాత దాన్ని తొడుక్కున్నాడు. మెడ దాకా గుండీలన్నీ పెట్టుకున్నాడు. అంత ఎండలో, ఆ ఉన్ని స్వెటర్‌తో, హన్మకొండ రోడ్డు మీద మెల్లగా వెళ్ళిపోయాడు.