మారెన్న ఏటి అంకెలు

మారెన్న నాయన ఏట్లోకి పోతే చేతిలో తెడ్డు తప్ప ఇంకేమీ ఉండేది కాదు. బళ్ళారి వైపు ఎమ్మిగనూరు దాపున తుంగభద్ర ఎక్కడ లోతో, ఎక్కడ బండ నీళ్ళు కప్పుకుని పడుకుందో అంతా ఆయన తలలోనే ఉండేది. ఒక తెల్లవారుజామున పాము కరిచి ఆయన పోయాడు. ఆయనతోపాటు ఏరూ పోయింది. పుట్టి ఒక్కటే మిగిలింది. వెదురు బుట్టకు గోనెపట్టా చుట్టి తారు పూసిన గుండ్రటి పడవ అది. అప్పటికి మారెన్నకు పద్దెనిమిదేళ్ళు. నేర్చుకున్నది సగమే.

మిగతా సగం ఎవరిని అడగాలో తెలియక అతను గనులకు పోయాడు. కొండలు ఇనుప మట్టిగా మారి ఓడలెక్కి చైనాకు పోతున్న ఏళ్ళవి. కూరెకుప్ప రోడ్డు మీద లారీల వరుస ఎక్కడా చుక్క పెట్టని ఎర్రటి వాక్యంలా సాగేది. వేపాకులు ఎరుపు, కుక్కల వీపులు ఎరుపు, ఇడ్లీ బండి మీద లేచే ఆవిరి కూడా ఎరుపే. జగదీశ్ అనే సర్వేయరు దగ్గర మారెన్నకు పని దొరికింది. హద్దురాళ్ళ పక్కన కర్ర పట్టుకుని నిలబడాలి, జీపీఎస్ పెట్టె మోయాలి. అరచేతిలో ఇమిడే ఆ పెట్టె ఉపగ్రహాలను విని, మనిషి నిలబడిన చోటును రెండు అంకెలుగా చెప్పేది. ఉత్తరానికి ఎంత, తూర్పుకు ఎంత. డిగ్రీలు, నిమిషాలు, సెకన్లు. ఇక్కడ సెకను కాలం కాదని, నేల మీద సుమారు ముప్పై మీటర్లని జగదీశ్ చెప్పాడు.

ఒక ఎండాకాలం సెలవులకు మారెన్న ఆ పెట్టెను అడిగి తెచ్చుకుని ఎండిన ఏట్లోకి దిగాడు. ఒక్కో బండ పక్కన నిలబడి దాని అంకెలు నోటుబుక్కులో రాసుకున్నాడు. గట్టు మీద నుంచి అక్క దుర్గక్క నవ్వింది.

"నీళ్ళు లేని ఏట్లో ఏం దేవులాడతాండావురా?"

"నాయనను, అక్కా."

"దొరికితే నన్నూ పిలువు. నా గొడ్డలి యాడ పెట్టినాడో అడగల్ల."

మూడేళ్ళ తర్వాత అక్టోబరులో వాన పట్టుకుని వదల్లేదు. గనిలో పని ఆగి మారెన్న ఊరికొచ్చాడు. పైన ఆనకట్ట గేట్లెత్తారు. దుర్గక్క ముందురోజు మిరపకాయలు కోయడానికి నడిగడ్డకు పోయి అక్కడే చిక్కుకుంది. నడిగడ్డ అంటే ఏటి నడుమ ఆరెకరాల లంక. ఆమెతోపాటు ఉన్నది తోట కావలి ముసలాయన హులిగెప్ప ఒక్కడే. బళ్ళారి నుంచి ఫైరింజను వాళ్ళు మోటారు పడవ తెచ్చారు. అది ఒడ్డు దాటిన కాసేపటికే బండకు తగిలి, దాని పంకా విరిగింది.

"పన్నెండున్నరకు ఇంకా పెద్ద నీళ్ళొస్తాయి. గడ్డ నిలవదు" అన్నాడు ప్రశాంత్. అతను ఆ బృందానికి పెద్ద. అప్పటికి పదకొండు దాటింది.

మారెన్న పుట్టి దించాడు. ఈ ఒడ్డు నుంచి నడిగడ్డకు ఒకటే దారి, రెండు బండగుండ్ల నడుమ అరవై అడుగుల సందు. మిగతా అంతటా నీళ్ళు బండల మీద విరిగి పడతాయి. ఆ రోజు గుండ్లు రెండూ మునిగి ఉన్నాయి. పైన కనిపించేది గోధుమరంగు నీళ్ళు, వాటి ఉరుకు, అంతే. సందు అంకెలు నోటుబుక్కులో ఉన్నాయి. జగదీశ్ పెట్టె గనిలోనే ఉంది. అయితే ప్రశాంత్ మెడలో ఇంకొకటి వేలాడుతోంది.

"ఈ అంకెలు నీ పెట్టెలో ఎక్కించు సార్. బాణం చూడొద్దు, పుట్టితోపాటు అదీ గిర్రున తిరుగుతాది. దూరం తగ్గుతాందా, పెరుగుతాందా, అదొక్కటే చెప్పు."

ఇద్దరూ ఎక్కారు. ఏరు పుట్టిని లాక్కుంది.

"మూడు వందల మీటర్లు. రెండు వందల యాభై. రెండు వందలు..." ప్రశాంత్ గొంతు స్థిరంగానే ఉంది. మారెన్నకు మాత్రం నీళ్ళ చప్పుడు నచ్చలేదు. సందులో నీళ్ళు గొణుగుతాయి. ఇవి నములుతున్నాయి. ఎదురుగా నది వీపు ఒక్కచోట ఉబ్బి, మడత పడి, నురగ కక్కింది. కింద బండ ఉంది. మారెన్న ఒళ్ళంతా తెడ్డు మీద వేశాడు. పుట్టి అంచు బండను రాసుకుంటూ తిరిగి, నీళ్ళు తాగి, వాళ్ళను ఈ ఒడ్డునే దిగువన తుమ్మకంపలో పడేసింది.

"అంకెలు తప్పన్నా!" ప్రశాంత్ కంపలో నుంచి లేస్తూ అరిచాడు.

"నేను నిలబడి రాసినా సార్. ఏరేమన్నా లేచి పక్కకు జరిగిండాదా?"

పుట్టి ఏటికి ఎదురు పోజాలదు. పుట్టివాళ్ళు దాన్ని బోర్లించి తలమీద పెట్టుకుని, ఒడ్డు వెంబడి పైకి నడిచి మళ్ళీ వదులుతారు. మారెన్న అలాగే నడిచాడు. ఆ నల్లటి గుమ్మటం కింద వాన చప్పుడు, తన ఊపిరి తప్ప ఏమీ లేవు. గడ్డ వైపు చూడనీయకుండా ఆ చీకటి అతనికి మేలే చేసింది.

పంపుసెట్టు గది దగ్గర ఊపిరాడక ఆగి, పుట్టిని గోడకు ఆనించాడు. అప్పుడు తట్టింది. ఈ గోడ మూల అంకెలూ నోటుబుక్కులో ఉన్నాయి.

"సార్, ఈడ నిలబడు. నీ పెట్టె ఏం చెప్తాది?"

ప్రశాంత్ చదివాడు. మారెన్న వేలితో పోల్చుకున్నాడు. ఉత్తరం అంకె నోటుబుక్కులో ఉన్నదానికంటే నాలుగు సెకన్లు ఎక్కువ. తూర్పు అంకె నాలుగు తక్కువ. కదలని గోడ కాగితం మీద నూటడెబ్బై మీటర్లు కదిలింది.

ఒక హద్దురాయి దగ్గర తమ గని సర్వేయరొకడు, పక్క గని సర్వేయరొకడు కాలర్లు పట్టుకున్న రోజు అతనికి గుర్తొచ్చింది. రాయి ఒకటే, రెండు పెట్టెలు రెండు అంకెలు చూపాయి. జగదీశ్ నవ్వి, "మనది పాత సర్కారు పటానికి సరిపెట్టిండే పెట్టె. వాళ్ళది కొత్త లెక్క" అన్నాడు. గనిలో కాగితాలన్నీ పాత పటం మీదివే. మారెన్నకు తెలిసిన అంకెలూ అవే. అంకె అంటే అంకే అనుకున్నాడు.

"సందు అంకెల్లోనూ అట్లే చెయ్యి సార్. ఉత్తరంలో నాలుగు కలుపు, తూర్పులో నాలుగు తియ్యి."

"తేడా అక్కడా ఇంతే ఉంటుందని ఎట్ల చెప్తావు?"

"ఆ పొద్దు గనిలో నాలుగు రాళ్ళు చూస్తిమి, అన్నిటికీ ఒకటే తేడా వచ్చె."

"గనిలో తప్పితే రాయి తప్పుతాదన్నా. ఇక్కడ మనం."

"నువ్వు రావద్దులే. పెట్టె ఇయ్యి."

ప్రశాంత్ అతని తెడ్డు వైపు, రెండు చేతుల వైపు చూశాడు. "పెట్టెను పళ్ళతో పట్టుకుని చదువుతావా? సుమ్నిరప్పా, ఊరికే ఉండు" అంటూ తన జాకెట్టు పట్టీ బిగించుకున్నాడు.

పన్నెండు కావడానికి ఇంకా ఐదు నిమిషాలు. ఈసారి ఇంకా ఎగువన వదిలారు.

"మూడు వందలు. రెండు వందలు. నూరు." వాన కంట్లో పొడుస్తోంది. "అరవై. అరవై. అన్నా, డెబ్బై!"

మారెన్న ఎడమకు లాగాడు. భుజంలో ఏదో కలుక్కుమంది.

"యాభై. ముప్పై. పదిహేను."

నీళ్ళు గొణిగాయి. రెండు పక్కలా ఉబ్బిన నీటి వీపులు వెనక్కి జారిపోయాయి. పుట్టి నడిమిలో నుంచి, సూదిలో దారంలా దూరింది.

నడిగడ్డ మీద మోకాలి లోతు నీళ్ళు. హులిగెప్ప మంచె మీద ఉన్నాడు. దుర్గక్క మంచె కాలిని వాటేసుకుని నిలబడింది.

"ఇందాక నన్ను చూసి మళ్ళీ యాడికి పోతివిరా?"

"దోవ తప్పినానక్కా. బేగ ఎక్కు."

నలుగురి బరువుకు పుట్టి అంచు నీటికి నాలుగు వేళ్ళ పైన నిలిచింది. మారెన్న తెడ్డు వేయలేదు. ఆ ఎండాకాలం అతని సెలవు గడ్డ దగ్గరే అయిపోయింది. నోటుబుక్కులో దిగువ ఏరు లేదు.

"ఈడికే అక్కా నా అంకెలు. కింద నాకు తెలీదు."

దుర్గక్క కొంగు పిండి నడుముకు చుట్టుకుంది. ఏటేటా వేసవిలో గంప నెత్తిన పెట్టుకుని ఆ బండల మీదుగానే ఆమె ఎదురొడ్డు సంతకు నడిచిపోతుంది.

"నేను నడిచే దోవంతా బండలే. దానికి పక్కగా పో. అదో, సెల్ టవరు కొండ కొనమీదికొచ్చేదాకా ఎడమకే ఉండు... ఆ, ఇంక తిప్పు! తిప్పమంటే నిద్దరపోతావేందిరా!"

ఆమె తిప్పమన్న ప్రతిచోటా ప్రశాంత్ పెట్టెలో చోటు గుర్తుంచే మీట నొక్కాడు. హులిగెప్ప కళ్ళు మూసుకుని దోసిళ్ళతో నీళ్ళు తోడిపోస్తూనే ఉన్నాడు. వెనక ఎక్కడో దూరంగా, వంద లారీలు ఒక్కసారి కదిలినట్టు చప్పుడు మొదలైంది. ఎవరూ తిరిగి చూడలేదు.

పుట్టి ఎదురొడ్డున చెరుకుతోట గట్టుకు కొట్టుకుంది. మనుషులు చేతులందించి లాగారు. హులిగెప్ప దిగాడు, ప్రశాంత్ దిగి బురదలో కూలబడ్డాడు. ఏటి నడుమ మంచె ఒకవైపు ఒరిగి, నెమ్మదిగా, ఎవరో పిలిచినట్టు వెళ్ళిపోయింది.

మారెన్న మాత్రం పుట్టిలోనే ఉండిపోయాడు. తెడ్డు చుట్టూ వేళ్ళు బిగుసుకుపోయి రావడం లేదు.

గట్టెక్కిన దుర్గక్క మళ్ళీ లోపలికి వంగింది. "విడువురా. ఒడ్డొచ్చిండాది" అంటూ అతని వేళ్ళు ఒక్కొక్కటే విప్పసాగింది.