తుంగకు కొట్టిన మందు

మా పెరట్లోకి తుంగను తెచ్చింది నేనే. ఎండాకాలం కాలవలకు నీళ్ళు కట్టేసినప్పుడు పూడిక తీసి గట్టున పోస్తారు. ఆ మన్ను కొబ్బరిచెట్ల మొదళ్ళలో వేసుకోవడం మా వైపు మామూలే. నేను ఒక ట్రాక్టరు తోలించి పూలమడిలో కూడా పోయించాను.

"పూలమొక్కల్లో వద్దమ్మాయ్, దాంట్లో తుంగగడ్డలుంటాయి," అని మా అత్తగారు రెండుసార్లు చెప్పారు. బళ్ళో సైన్సు చెప్పే దాన్ని, నాకు మట్టి గురించి ఈవిడ చెప్పాలా అనుకున్నాను.

కాలవలకు నీళ్ళొదిలి నాలుగు వానలు పడేసరికి మడంతా తుంగే. పీకితే ఆకు చేతికొస్తుంది, గడ్డ లోపలే ఉంటుంది. అత్తగారు రోజూ పొద్దున్నే పీట వేసుకుని, పాత చాకుతో ఒక్కొక్క గడ్డే తవ్వి డబ్బాలో వేసేవారు. నన్ను ఒక్క మాటా అనలేదు. అదే నాకు ఒళ్ళుమంట.

ఆ మడి మధ్యలో మావగారు నాటిన నాటు గులాబీ ఉంది. ఆయన పోయినప్పటి నుంచి ప్రతి ఆదివారం అత్తగారు ఆ పూలే ఇత్తడి కూజాలో పెట్టి చర్చికి తీసుకెళ్తారు. కొన్న పూలు ఏనాడూ బలిపీఠం మీద పెట్టలేదు.

ఒక సోమవారం ఆవిడ చర్చిలో స్త్రీల కూటానికి వెళ్ళగానే, పొలం గట్లకు కొట్టే గడ్డిమందు తెచ్చి చేత్తో కొట్టే స్ప్రేయరులో కలిపాను. గులాబీ మీద నూలు దుప్పటి కప్పి, చుట్టూ కొట్టేశాను. గాలి తిరిగి తుంపర దుప్పటి మీద పడుతూనే ఉంది. మందు పీల్చుకున్న ఆ తడిగుడ్డ ఆకులకు అంటుకుని ఉందని, దాన్ని లాగేటప్పుడు గానీ నాకు తట్టలేదు. బిందెలకొద్దీ నీళ్ళు కుమ్మరించి ఆకులు కడిగాను. దుప్పటి ఉతికి దండెం మీద ఆరేశాను.

మర్నాడు ఆవిడ పీట తీసుకుని బయల్దేరితే పరుగున ఎదురెళ్ళాను. తొడుగుల్లేని ఆ చేతులతోనే ఆవిడ మందు పడ్డ మట్టి తవ్వుతారు.

"వారం రోజులు అటు వెళ్ళకండి అత్తయ్యా, మందు కొట్టాను," అన్నాను.

"గులాబీ మీద పడలేదు కదా?"

"కప్పే కొట్టానండీ."

అది అబద్ధం కాదు. నిజమూ కాదు. వారమంతా బడికెళ్ళే ముందు, వచ్చాక, గులాబీ చిగుళ్ళు చూడటమే నా పని. తుంగ పసుపెక్కింది. గులాబీ పచ్చగానే ఉంది. ఆ ఆదివారం మూడు పూలు చర్చికి వెళ్ళాయి. గండం గడిచిందనుకున్నాను.

బుధవారానికి చిగుళ్ళు పాలిపోయి, దారప్పోగుల్లా సన్నగా వచ్చాయి. శుక్రవారం మొగ్గలు రాలాయి. పసుపెక్కిన తుంగ మధ్య నుంచి కొత్త తుంగ సూదుల్లా లేచింది. నాకు ఏడుపొచ్చింది.

ఆదివారం పొద్దున్న అత్తగారు తెల్లచీర కట్టుకుని, ఖాళీ కూజా పట్టుకుని మొక్క దగ్గర నిలబడి ఉన్నారు.

"నా వల్లే అత్తయ్యా. దుప్పటి తడిసి ఆకులకు అంటుకుంది. చెప్పడానికి భయమేసింది," అన్నాను.

"కప్పానన్నప్పుడే దండెం మీద దుప్పటి చూసి అనుకున్నాను. శనివారం ఉతికింది సోమవారం మళ్ళీ ఎందుకు ఉతుకుతావు?"

"మరి మళ్ళీ అడగలేదేంటండీ?"

"నువ్వే చెబుతావని చూశాను."

మార్కెట్లో గులాబీలు తెస్తానన్నాను. ఆవిడ వద్దన్నారు. కూజా నా చేతిలో పెట్టి, "ఈ వారం నువ్వు పట్టుకెళ్ళి పెట్టు," అన్నారు.

"పూలు లేకుండానా?"

"లేవుగా మరి."

చర్చిలో అందరూ చూస్తుండగా ఆ ఖాళీ కూజాను బలిపీఠం మీద పెట్టి వచ్చి ఆవిడ పక్కన కూర్చున్నాను. ఆరాధన అయ్యేదాకా తలెత్తలేకపోయాను. మర్నాడు పొద్దున్న పెరట్లో రెండు పీటలు వేసి ఉన్నాయి. రెండో పీట పక్కన ఒక చాకు, ఒక ఖాళీ డబ్బా ఉన్నాయి.