పనసాకు బుట్టల్లో దొరసాని మిఠాయి

మా వారి నోట్లో మాట నిలవదు. కాపరానికి వచ్చిన నెలలోపే ఆ సంగతి కనిపెట్టాను. అలాంటి మనిషి దాచుకోవలసిన రహస్యమొకటి మా ఇంట్లో పుట్టడం నా ఖర్మ.

మేముండేది రాజమహేంద్రవరంలో, గోదావరి రేవుకి నాలుగిళ్ళ ఇవతల. ఆయన ధవళేశ్వరంలో కాలవల ఆఫీసు గుమాస్తా. ఒకరోజు కాగితాలు పట్టుకుని దొరగారి బంగళాకి వెళ్ళారు. ఆ వేళ వాళ్ళింట్లో ఏదో పండగట. దొరసానిగారు గుమాస్తాలందరికీ స్వహస్తాలతో చిన్న చిన్న మిఠాయిలు రెండేసి ఇచ్చారు. మిగతావాళ్ళు దణ్ణం పెట్టి పుచ్చుకుని, బయటికొచ్చి గుర్రాలవాడి చేతిలో పోశారు. ఈయన ఒకటి నోట్లో వేసుకుని, రెండోది కండువా చెంగున కట్టుకుని ఇంటికి తెచ్చారు.

పశువుల కొట్టం వెనక నించుని చెంగు విప్పి చూపించారు. కుంకం భరిణె మూతంత ఉంది. కింద కరకరలాడే బిళ్ళ, దానిమీద తెల్లటి మెత్తటి ముద్ద, పైన పాకంలో మునిగిన పండు ముక్క. చీజు కేకు అంటారట. చెరిసగం తిన్నాం. అందులో కోడిగుడ్డు ఉంటుందేమో అని ఆయన తిన్నాక అన్నారు. నేను నూతి దగ్గరికి పరిగెత్తి నోరు పుక్కిలించాను. కానీ నిజం చెప్పొద్దూ, తింటున్నంతసేపూ కళ్ళు వాటంతటవే మూతపడ్డాయి.

భయం ఎందుకంటే, మా అత్తగారి అన్నగారు, పెద్దమావయ్యగారు ఒకరున్నారు. మా వాళ్ళల్లో ఎవరు పంక్తిలో కూర్చోవాలో, ఎవరు కూర్చోకూడదో తేల్చేది ఆయనే. పక్క వీధిలో ఒకాయన ఎండలో సొమ్మసిల్లి బంగళాలో సోడా తాగాడని ఏడాదిపాటు ఎవరింట్లోనూ విస్తరి వెయ్యనివ్వలేదు. తండ్రి తద్దినానికి బ్రాహ్మలు రాక ఆయన వాకిట్లో కూర్చుని ఏడవడం నేను కళ్ళారా చూశాను. సోడాకే అంతైతే గుడ్డుకి ఎంతో లెక్కేసుకోండి.

ఆ రుచి మా వారిని వదల్లేదు. పెరుగన్నం తింటూ, ఇది ఇంకాస్త గట్టిగా ఉంటే అచ్చం అలాగే, అని మొదలుపెట్టేవారు. నేను గరిటె కింద పడేసేదాన్ని. ఆ చప్పుడికి ఉలిక్కిపడి ఊరుకునేవారు. ఆ నెల్లాళ్ళలో గరిటె చేతిలో నిలవని కోడలిగా పేరు తెచ్చుకున్నాను.

ఇలా కాదని, ఇంట్లోనే అలాంటిది చేసిపెడితే ఈయన నోరు కట్టుబడుతుందనుకున్నాను. చిక్కేమిటంటే దాన్ని పాలు విరగ్గొట్టి చేస్తారట. పాడి ఉన్న ఇంట్లో కావాలని పాలు విరగ్గొడితే పొదుగు ఎండిపోతుందని మా అత్తగారి నమ్మకం. సరిగ్గా అప్పుడే మా గేదె ఈనింది. జున్నుపాలు ఎవరూ విరగ్గొట్టక్కర్లేదు, ఆవిరి తగిలితే అవే గట్టిపడతాయి. ఇరుగుపొరుగులకి పంచగా మిగిలిన పాలు నాకిమ్మని అడిగాను. పుట్టింట్లో నేర్చుకున్న కొత్తరకం జున్ను చేస్తానన్నాను. అది నా మొదటి అబద్ధం.

మా అత్తగారు మడి మనిషి, జున్ను ముట్టరు. అయినా లేత పనసాకులు తెప్పించి, ఈనెపుల్లలతో గుచ్చి, ఇడ్లీపిండి పోసి ఆవిరికి పెట్టే పొట్టిక్కల బుట్టల్లాంటివే బొటనవేలంత చిన్నవి కుట్టిచ్చారు. ఒక్క నోటికి ఒక్కటి. ఇంత చిన్నవి ఎందుకే, బొమ్మల పెళ్ళికా అన్నారు గానీ, ముప్ఫై కుట్టారు.

మొదటి వాయిలో మామిడిపండు ముక్క ముందే పెట్టి ఆవిరికి ఎక్కించాను. పండు మునిగిపోయింది. పైన నున్నగా జున్ను, అడుగున ఉడికిన మామిడి. మా వారు వాటిని తలకిందులు చేసుకుని తిన్నారు. రెండో వాయి గట్టిపడి చల్లారాక, ఒకదానిమీద మామిడి ముక్క, ఒకదానిమీద పనసతొన ముక్క పెట్టి, పైన బెల్లంపాకం చుక్క వేశాను. జున్నులో కలిపిన బెల్లం వల్ల రంగు తెల్లగా రాలేదు గానీ, చూడ్డానికి ముచ్చటగా ఉన్నాయి. నాకు నేనే తెగ నచ్చేశాను.

సరిగ్గా అప్పుడే వీధరుగు మీద చేతికర్ర చప్పుడైంది. పెద్దమావయ్యగారు. చెల్లెలి గేదె ఈనిందని తెలిసి జున్నుకి వచ్చారు.

మావా మేనల్లుళ్ళని పక్కపక్కన కూర్చోబెట్టి ఇద్దరికీ అరిటాకుల్లో పెట్టాను. ఆయన ఒకటి తిన్నారు. రెండోదీ తిన్నారు. మూడోది అందుకుంటూ, నీ కోడలి చేతివంట బాగుందే అని లోపలికి కేకేశారు. నేను తలుపు చాటున ఉబ్బిపోతున్నాను. అదే నా పొరపాటు. చేతిలో గరిటె లేదు.

“అన్నీ కుదిరాయండి మావయ్యా, కింద ఆ కరకరలాడే బిళ్ళ ఒక్కటే లోటు” అన్నారు మా వారు.

పెద్దమావయ్యగారి చెయ్యి సగంలో ఆగింది. “ఏం బిళ్ళరా?”

“దొరగారింట్లో...” అని అప్పుడు నాలిక కరుచుకున్నారు. నేను గరిటె వెతికి పడేశాను. ఇక అది దేనికి?

“దాని కింద బిళ్ళ ఉంటుందని నీకెలా తెలుసు?” అన్నారాయన. నాకు వాకిట్లో ఏడ్చిన పెద్దమనిషే కళ్ళముందు కనిపించాడు. ఆ వాకిట్లో ఇప్పుడు కూర్చోబోయేది మా వారు.

“వాళ్ళ నాన్నగారు చెప్పేవారు అన్నయ్యా” అన్నారు వంటింటి గడపలోంచి మా అత్తగారు. “బంగళాలో దొరలు తింటుంటే తను బయట నించునేవారుట. కరకరమని చప్పుడు వినబడేదిట.”

“బావకి చెవుడు కదే?”

“ఆఖర్న వచ్చింది.”

మా మావగారికి చెవుడు పెళ్ళినాటికే ఉందని ఇంట్లో అందరికీ తెలుసు. పెద్దమావయ్యగారు చెల్లెలి మొహంలోకి చూశారు. తర్వాత ఆకులోకి చూశారు. అందులో ఇంకా నాలుగున్నాయి. నాలుగూ తిని, చెయ్యి కడుక్కుని, కర్ర తీసుకుని వెళ్ళిపోయారు. మరి ఆ ఊసెత్తలేదు.

సాయంత్రం మా అత్తగారు కొడుకుని రేవుకి నడవమన్నారు. నన్ను కూడా రమ్మన్నారు. నేనెందుకండీ అన్నాను.

“ఆ రోజు వాడి కండువా చెంగు నిండా చీమలు. నీ కొంగుకీ చీమలే. నెల్లాళ్ళనించీ గరిటెలు పడుతున్నాయి. నేను చూస్తూనే ఉన్నాను, పద” అన్నారు.

ముగ్గురం గోదాట్లో దిగి మునిగాం. తిన్నందుకు మేమిద్దరం, చచ్చిపోయిన మొగుడి మీద అబద్ధం ఆడినందుకు ఆవిడ. బతుకంతా ఒక్క అబద్ధమాడని మనిషి మాకోసం ఆడారు. నాకు ఏడుపొచ్చింది. నీళ్ళలో ఉన్నాం గనక ఎవరికీ తెలియలేదు.

మా వారు గట్టెక్కాక ఆవిడ నా పక్కకి జరిగి, గొంతు తగ్గించి అడిగారు. “ఇంతకీ ఎలా ఉందే అది?”

“మన జున్ను ముందు ఎందుకూ పనికిరాదండి అత్తయ్యగారూ” అన్నాను.

ఆవిడ నా నెత్తిమీద చెయ్యి పెట్టారు.

“ఇంకోసారి మునుగు” అన్నారు.