ఇరవై గంటల మరిడమ్మ

అమ్మ చివరిసారి చేసిన పని రబ్బరు గ్లవుజులు కడిగి, తిరగేసి, పెరట్లో తీగ మీద ఆరేయడం. గుండుగొలను దగ్గర చెరువులో చేపల పట్టుబడి ముగించుకుని పదకొండింటికి ఇంటికొచ్చింది. గ్లవుజులు ఆరేసి, కాసేపు నడుం వాలుస్తానని వరండాలో మంచమెక్కింది. మళ్లీ లేవలేదు. నేను తాడేపల్లిగూడెం నుంచి వచ్చేసరికి గ్లవుజులు ఆరిపోయి ఉన్నాయి.

మా అమ్మ మరిడమ్మ చేపల ప్యాకింగ్ ముఠాకి మేస్త్రి. మొత్తం పన్నెండు మంది ఆడవాళ్లు. చిన్న చెరువైతే ఆరుగురు చాలు కాబట్టి అమ్మ వంతులు వేసేది. చేపల్ని సైజులుగా ఏరి, ట్రేలో ఐసూ చేపా వరసలుగా పేర్చి లారీకెక్కించేదాకా ఆవిడదే మాట. ఆ ముఠాలో ఒక ఆనవాయితీ ఉండేది. ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే ఆవిడ బదులు ఇంకొకరు వెళ్లేవారు. చెరువు గుమస్తా హాజరు పిలిచినప్పుడు రాని మనిషి పేరుకే "ఆఁ" అని పలికేవారు. అలా ఎవరి చోటూ పోయేది కాదు. నేను కడుపులో ఉన్నప్పుడు అమ్మ పేరుకు నలుగురు పలికారట.

ఆ చెరువుల గురించే పెద్ద చదువు చదవాలని నేను ఇంగ్లండు వెళ్లాను. అక్కడొక సూపర్ మార్కెట్లో పని దొరికింది. స్టూడెంట్ వీసా మీద వెళ్లినవాళ్లు కాలేజీ నడిచే రోజుల్లో వారానికి ఇరవై గంటలకు మించి పనిచేయకూడదు.

అక్టోబరులో ఒక శనివారం, నా గదిలోనే ఉండే అత్తిలి అమ్మాయి శ్రావ్యకు జ్వరం వచ్చింది. అదే షాపులో మధ్యాహ్నం దాని షిఫ్టు. చేరి పది రోజులు కాలేదు, రానంటే తీసేస్తారని దాని భయం. "నా కార్డు వేసుకుని నువ్వెళ్లవే," అంది. ఆ వారం నా ఇరవై గంటలూ అప్పటికే అయిపోయాయి. దొరికితే వీసా పోతుంది, చదువు ఆగిపోతుంది. అయినా కార్డు మీద ఉండేది నా పేరు కాదు కదా అనిపించింది. అమ్మకు ఫోన్ చేశాను. అక్కడ ఉదయం, ఇక్కడ అన్నాలవేళ.

"ఇందులో అడగడానికేముందే? వెళ్లు. మనం చేసేదే కదా. ఆ పిల్ల చోటు పోకుండా చూడు," అంది అమ్మ. వెనక నుంచి ముఠాలోని అచ్చాయమ్మ పిన్ని, "అక్కడ కూడా మన ముఠాయేనా అక్కా!" అని నవ్వడం వినిపించింది.

ఫోన్ పెట్టేశాక అమ్మకు స్థిమితం లేదట. నేను మాటల్లో అన్న ఆ ఇరవై గంటల సంగతి ఆవిడను పట్టుకుంది. తింటున్న అన్నం వదిలి, చేతులు కడుక్కుని ఆటో ఎక్కి భీమడోలు వెళ్లింది. నా వీసా కాగితాలు ప్రింటు తీసిన జిరాక్సు షాపు బుచ్చిబాబు గారిని అడిగింది.

"ఏవండీ, ఒకరి బదులు ఇంకొకరు వెళితే ఆ గంటలు ఎవరివండీ?"

ఆయన కంప్యూటర్లో నిబంధనలు తీసి చదివాడు. "ఎవరు నిలబడి పనిచేస్తే వాళ్లవేనండి. పైగా వేరే పేరున చేశారంటే ఇద్దరి మెడకీ చుట్టుకుంటుందండి."

"అయితే ఇందాక పిల్లకి నేను తప్పు చెప్పానండీ," అని అక్కడి నుంచే నాకు ఫోన్ చేసింది.

అప్పటికి నేను శ్రావ్య కార్డు మెళ్లో వేసుకుని షాపు ముందున్నాను.

"లోపలికెళ్లకు. ఇందాక వెళ్లమన్నది నేనే. తెలియక అన్నాను. వెనక్కి తిరుగు."

"శ్రావ్య ఉద్యోగం పోతుందమ్మా!"

"పోతే ఇంకోటి చూసుకుంటుంది. వెళ్లావంటే ఇద్దరూ పెట్టెలు సర్దుకోవాలి. ఆ పిల్లకి ఫోన్ కలుపు."

శ్రావ్యతో అమ్మ అన్నది రెండు ముక్కలే. "జ్వరమొచ్చిందని చెప్పడానికి సిగ్గెందుకమ్మా? నీ నోటితో నువ్వే చెప్పు." అది ఏడుస్తూనే మేనేజరుకు చెప్పింది. ఆయన విశ్రాంతి తీసుకోమని చెప్పి ఇంకొకరిని పిలిపించుకున్నాడు. అంతే.

నెల తిరక్కుండా ఆ షాపులో తనిఖీ జరిగింది. వేరేవాళ్ల కార్డుతో పనిచేసినతను ఒకడు చదువు మధ్యలో ఇంటిదారి పట్టాడు. మేమిద్దరం పట్టాలు పుచ్చుకున్నాం.

నాలుగో తరగతి దాటని మనిషి మా అమ్మ. తను చెప్పిన మాట తనే వెనక్కి తీసుకోవడానికి అన్నం మధ్యలో వదిలేసి ఆటో ఎక్కిన మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు.

ఆ తర్వాత మా వైపు నుంచి ఎవరు ఇంగ్లండు వెళ్తున్నా ముందు అమ్మ దగ్గరకొచ్చేవారు. ఐసు కొడుతూనే చెప్పేది. "వారానికి ఇరవై. సోమవారం నుంచి ఆదివారం దాకా. సెలవులంటే మీరనుకునేవి కాదు, కాలేజీ వాళ్లు కాగితం ఇవ్వాలి. బదుళ్లు గిదుళ్లు లేవు." ఏలూరులో కన్సల్టెన్సీ పెట్టమని గుమస్తా ఆటపట్టిస్తే, "బోర్డు మోయడానికి మిమ్మల్నే పిలుస్తానండి," అనేది. ఊళ్లో ఆవిడ పేరు ఇరవై గంటల మరిడమ్మ అయింది.

పెద్దకర్మ రోజున తీగ మీది గ్లవుజులు తీయబోతుంటే అచ్చాయమ్మ పిన్ని, "అవి నావమ్మా," అంది. ఆ రోజు అమ్మ వంతు కాదట. పిన్నికి కాళ్ల నొప్పులని ఆవిడ బదులు వెళ్లింది.

"మరి గుమస్తా నీ పేరు పిలిస్తే?"

"'అచ్చాయమ్మ రాలేదండి, మరిడమ్మనొచ్చాను, అలాగే రాసుకోండి' అంది. నీకు వెళ్లొద్దని ఫోన్ చేసిన మర్నాటి నుంచీ అంతేగా. మా అందరిచేతా కూడా ఎవరి పేరు వారిదే చెప్పించింది. నీకు చెప్పలేదా?"

చెప్పలేదు.